ఓడ కంపు కొడితే కెప్టెన్‌కి నిశ్చింత ఎందుకు?

ఈరోజు టాపిక్ కొంచెం గబ్బు టాపిక్. భోజనం చేస్తూ ఫోన్ చూసే అలవాటున్నవాళ్లు ముందు ప్లేటు ఖాళీ చేసి రండి, నేనెక్కడికీ పోను.

తెరచాప ఓడ అనగానే మనకు కళ్లముందు మెదిలేది ఏంటి? తెల్లటి తెరచాపలు, నీలం సముద్రం, చేతిలో దుర్భిణి పట్టుకున్న కెప్టెన్. అంతా సినిమాల పుణ్యం. సినిమాలో వాసన రాదు కదా. ఆ ఓడల్లో నిజంగా ప్రయాణం చేసినవాళ్లు రాసిపెట్టింది చదివితే మాత్రం కంపు గురించి మొత్తుకోనివాడు అరుదు. 1573లో యూజెనియో దె సలజార్ అనే స్పెయిన్ అధికారి శాంటో డొమింగోకి ఓడలో వెళ్లాడు. దారిలో పడ్డ పాట్లన్నీ ఒక ఉత్తరంలో రాశాడు. ఓడ అడుగు నుంచి పంపుతో తోడిన నీళ్లు చూసి, ఇవి నరకంలోంచి వస్తున్నాయా అన్నట్టు గగ్గోలు పెట్టాడు.

తమాషా ఏంటంటే, అవే నీళ్లు చూసి నావికులు లోలోపల సంతోషపడేవారు.

ఎందుకో చెప్తాను. చెక్క ఓడ అన్నాక ఎంతోకొంత కారుతుంది. పలకల మధ్య సందుల్లో పీచు కూరి తారు పోస్తారు గానీ, అలలకి ఓడ ఊగినప్పుడల్లా ఆ సందులు కదులుతాయి. లోపలికి వచ్చిన నీరంతా ఓడ అట్టడుక్కి, అంటే బిల్జ్ అనే చోటికి చేరుతుంది. రోజూ పంపు కొట్టి దాన్ని తోడాలి. పంపులోంచి తేటగా, వాసన లేని నీరు వచ్చిందనుకోండి, అది ఇప్పుడే సముద్రంలోంచి వచ్చిన కొత్త నీరు. ఎక్కడో చిల్లు పడింది! అదే నల్లగా, కుళ్లిన గుడ్డు కంపుతో వస్తే ఆ నీరు చాలా రోజులుగా కదలకుండా పడి ఉందని అర్థం. బయటి నీరు పెద్దగా రావట్లేదు, ఓడ గట్టిగా ఉంది. మునగని ఓడ కావాలంటే ముక్కు మూసుకోవాల్సిందే.

సరే, మునగం. కానీ ఆ కంపులోనే నెలల తరబడి తినాలి, పడుకోవాలి కదా. దాన్ని పోగొట్టడానికి జనం ఏమేం చేశారు, అందులో ఎవరు బాగుపడ్డారు, ఆ పని ఎవరి నెత్తిన పడింది? ఇదీ ఈ ఎపిసోడ్.

ముందు అడుగున ఏముంటుందో చూద్దాం. ఓడ ఒక పక్కకి ఒరిగిపోకుండా అడుగున బరువు వెయ్యాలి. చాలాకాలం పాటు దానికి గులకరాళ్లు, ఇసుక వాడారు. ఇప్పుడు స్క్రీన్ మీద ఉన్నది మేరీ రోజ్ అనే ఇంగ్లిష్ యుద్ధనౌక. 1545లో మునిగింది, 1982లో పైకి తీశారు. దాని వంటపొయ్యిలు ఎక్కడున్నాయో తెలుసా? సరిగ్గా ఆ గులకరాళ్ల మీద, ఓడ కడుపులో. వంటింటి చెత్త, పైనుంచి కారిన మురికి, చచ్చిన ఎలుకలు, అర్ధరాత్రి పైకి వెళ్లడానికి బద్ధకించినవాళ్ల మూత్రం, అన్నీ ఆ రాళ్ల సందుల్లోకే. దానిమీద ఉప్పునీరు. ఎండ తగలదు, గాలి ఆడదు.

సముద్రపు నీటిలో సల్ఫేట్ బాగా ఉంటుంది. ఆక్సిజన్ లేని చోట బతికే కొన్ని బ్యాక్టీరియాలు ఈ సల్ఫేట్‌ని వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుని వదులుతాయి. కుళ్లిన గుడ్డు వాసన అంటామే, అది ఇదే. ఆ రోజుల్లో ఈ పేరు ఎవరికీ తెలియదు గానీ గుర్తుపట్టడం మాత్రం తెలుసు. ఆఫీసర్ల వెండి గుండీలు నల్లబడేవి. సీసంతో చేసిన తెల్లరంగు వేసిన గోడలు నల్లగా మారేవి. ఇవన్నీ ఆ వాయువు చేసే పనులే. అడుగు దాకా మనిషిని దింపాల్సి వస్తే ముందు వెలిగించిన కొవ్వొత్తిని తాడుతో కిందికి వదిలేవారు. అది ఆరిపోతే అక్కడ ఊపిరి ఆడదని లెక్క.

ఇక్కడ ఒక విషయం కాస్త సీరియస్‌గా వినండి. హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే ముక్కు ఇట్టే పట్టేస్తుంది. ఎక్కువైతే, గాలిలో పది లక్షల వంతుల్లో ఒక 100 వంతులు దాటితే, ముక్కే పనిచేయడం మానేస్తుంది. వాసన తగ్గిందిలే అనుకుంటాం, నిజానికి అప్పుడే ప్రమాదం. పంపు బాగుచేయడానికి అడుక్కి దిగిన నావికుడు పడిపోయేవాడు, వాణ్ని లాగడానికి దిగిన రెండోవాడూ పడిపోయేవాడు. ఈ కథ ఎక్కడో విన్నట్టుంది కదూ? మన ఊళ్లలో మ్యాన్‌హోల్‌లోకి దిగిన కార్మికుల వార్త వచ్చినప్పుడల్లా వినే వరస ఇదే. వాయువూ అదే. మనుషుల్ని అలా దింపకూడదని 2013లో చట్టం చేసుకున్నాం. వార్తలు మాత్రం ఆగలేదు.

పాతకాలపు పరిష్కారం ఏంటంటే కడగడమే. ఓడని ఒడ్డుకి చేర్చి, రాళ్లన్నీ పైకి ఎత్తిపోసి, అడుగంతా గీకి, వెనిగర్ చల్లి, మళ్లీ శుభ్రమైన రాళ్లు వేసేవారు. నడుములు విరిగే పని. అందుకే ఏళ్ల తరబడి వాయిదా పడేది. మరుగుదొడ్డి విషయంలో మాత్రం వాళ్ల తెలివికి నేను దండం పెడతాను. నావికుల మరుగుదొడ్లు ఓడ ముక్కు దగ్గర, అంటే ముందు భాగంలో ఉండేవి. ఇదేంటి, గాలికి కంపంతా వెనక్కి కొట్టదా అనిపిస్తుంది. కొట్టదు. ఆ పెద్ద తెరచాప ఓడల్ని గాలి ఎక్కువగా వెనకనుంచి తోస్తుంది. కాబట్టి గాలి వెనకనుంచి ముందుకి వీస్తుంది, కంపు సముద్రం మీదకి పోతుంది. అలలు వచ్చి కడిగేస్తాయి కూడా. ఓడ ముందు భాగాన్ని ఇంగ్లిష్‌లో హెడ్ అంటారు కదా, ఇవాళ్టికీ పడవల్లో టాయిలెట్‌ని హెడ్ అనే పిలుస్తారు.

ఇక అసలు కథలోకి వద్దాం. 18వ శతాబ్దం దాకా, ఆ మాటకొస్తే 19వ శతాబ్దం సగం దాటేదాకా, యూరప్ డాక్టర్లలో చాలామంది నమ్మకం ఒక్కటే. కంపు గాలే జబ్బు. జబ్బు వల్ల కంపు రావడం కాదు, కంపు వల్లే జబ్బు. మలేరియా అనే మాటకి ఇటాలియన్‌లో చెడు గాలి అనే అర్థం. మన ఇళ్లల్లోనూ ఇలాంటిది ఉంది, ఒంట్లో బాగోకపోతే గాలి మార్పు కోసం ఊరెళ్లమంటారు. ఈ లెక్కన ఓడలో కంపు పోగొట్టడం అంటే సౌకర్యం కోసం కాదు, ప్రాణాల కోసం. అందుకే పెద్దపెద్ద బుర్రలు దీనిమీద పడ్డాయి.

స్టీఫెన్ హేల్స్ అని లండన్ దగ్గర టెడింగ్టన్‌లో ఒక చర్చి పాస్టర్ ఉండేవాడు. ఒక గుర్రం రక్తనాళంలో గొట్టం పెట్టి రక్తపోటు మొట్టమొదట కొలిచింది ఈయనే. బీపీ చూపించుకున్నప్పుడు ఒకసారి తలుచుకోండి. 1741లో ఈయన వెంటిలేటర్ అనే యంత్రం తయారుచేశాడు. మన కమ్మరి కొలిమితిత్తి తెలుసుగా? దాన్నే గదంత పెట్టెలో పెట్టినట్టు ఊహించుకోండి. మనుషులు మీట పట్టుకుని పైకీ కిందికీ ఊపుతుంటే ఓడ కడుపులోని గాలి బయటికి, బయటి గాలి లోపలికి. సరిగ్గా అదే రోజుల్లో శామ్యూల్ సట్టన్ అనే ఇంకో మనిషి వచ్చాడు. ఈయన చదువుకున్న శాస్త్రవేత్త కాదు, లండన్‌లో బీరు కాచి అమ్ముకునే వ్యాపారి. ఈయన ఐడియా నాకు ఇంకా బాగా నచ్చింది. ఓడలో వంటపొయ్యి ఎలాగూ రోజూ మండుతుంది, మంటకి గాలి కావాలి. ఆ గాలిని ఓడ అడుగు నుంచే గొట్టాలతో పీల్చుకునేలా చేస్తే? పొయ్యి వెలిగినంతసేపూ అడుగున కంపు దానంతటదే పోతుంది. మనుషులు ఊపక్కర్లేదు, అదనంగా కట్టెలు అక్కర్లేదు.

మరి ఏది గెలిచింది? నౌకాదళంలో ఓడల నిర్మాణం చూసే పెద్ద అధికారి జేకబ్ ఆక్‌వర్త్‌కి సట్టన్ అంటే చిరాకు. ఆఫీసుల చుట్టూ తిప్పించాడు. రిచర్డ్ మీడ్ అనే పేరున్న డాక్టర్ మధ్యలో మాట సాయం చేశాక గానీ ప్రయోగం చూపించే అవకాశం రాలేదు. పాపం, సట్టన్ ఆ తిప్పలన్నీ ఒక పుస్తకంగా అచ్చువేయించాడు. కొన్నేళ్లకి నౌకాదళం హేల్స్ తిత్తుల వైపే మొగ్గింది. నా అభిప్రాయం అడిగితే, సట్టన్ పక్కన రాయల్ సొసైటీ సభ్యుడనే తోక ఉండుంటే కథ వేరేగా ఉండేది.

ఇక్కడ మీరు సంతోషపడేలోపే ఇంకో మాట చెప్పాలి. హేల్స్ యంత్రాన్ని ఉత్సాహంగా వాడినవాళ్లలో బానిస ఓడల కెప్టెన్లు కూడా ఉన్నారు. హెన్రీ ఎలిస్ అనే కెప్టెన్ తన బానిస ఓడలో వెంటిలేటర్ పెట్టుకుని, భలే పనిచేస్తోందని హేల్స్‌కి ఉత్తరాలు రాశాడు. తర్వాత ఈయన అమెరికాలో జార్జియాకి గవర్నర్ కూడా అయ్యాడు. ఆఫ్రికా నుంచి గొలుసులతో కట్టి తెచ్చే మనుషులు దారిలో చనిపోతే వాళ్ల లెక్కలో అది నష్టం. గాలి ఆడితే నష్టం తగ్గుతుంది. అంతే, అందులో జాలి ఏమీ లేదు. ఇప్పుడు స్క్రీన్ మీద కనిపిస్తున్న బొమ్మ చాలామంది చూసే ఉంటారు, బ్రూక్స్ అనే ఓడ నమూనా, 1788 నాటిది. అగ్గిపుల్లల్లా పేర్చినట్టు గీసిన మనుషులు 454 మంది. అది కొత్త చట్టం అనుమతించిన సంఖ్య. అంతకుముందు ఇదే ఓడలో 609 మంది దాకా తీసుకెళ్లారు. బానిసగా బతికి బయటపడ్డ ఒలౌడా ఈక్వియానో 1789లో తన ఆత్మకథ అచ్చువేశాడు. ఓడ కడుపులోకి దించగానే ముక్కుకి కొట్టిన వాసనకి తిండి కూడా సయించలేదని అందులో రాశాడు. పై డెక్ మీద నిలబడి గాలి గురించి ఉత్తరం రాసినవాడి మాట, కింద పడుకున్నవాడి మాట, రెండూ పక్కపక్కన పెట్టి చదవండి.

తర్వాత కెప్టెన్ కుక్. 1772 నుంచి 1775 దాకా రిజల్యూషన్ అనే ఓడలో మూడేళ్లకి పైగా తిరిగాడు. ఆ ఓడలో జబ్బుతో చనిపోయింది ఒక్కరే అని వచ్చాక లెక్క చెప్పాడు. ఆ కాలానికి అది నమ్మలేని మాట. 1776లో రాయల్ సొసైటీ కాప్లీ పతకం ఇచ్చింది. ఏం చేశాడయ్యా అంటే, వారానికి ఒకటి రెండుసార్లు డెక్కుల మధ్య నిప్పులు పెట్టి తేమ ఆర్పించేవాడు. నిప్పు పెట్టడం కుదరని చోట తుపాకిమందుని వెనిగర్‌తో కలిపి పొగ వేయించేవాడు. ఇనప కుండలో నిప్పు పెట్టి పంపులుండే గొయ్యి అడుగు దాకా దింపేవాడు. పరుపులు, బట్టలు ఎండలో వేయించేవాడు. ఒళ్లు కడుక్కోమని వెంటపడేవాడు.

పని జరిగింది. కారణం మాత్రం కుక్ అనుకున్నది కాదు. ఓడ జ్వరం అని పిలిచేవారే, అది టైఫస్. దాన్ని మోసుకొచ్చేది బట్టల్లో ఉండే పేలు. ఆ సంగతి 1909లో ఛార్లెస్ నికోల్ చూపించాడు, 1928లో నోబెల్ వచ్చింది. బట్టలు ఉతికి మార్చుకుంటే పేలు పోతాయి, పేలు పోతే టైఫస్ పోతుంది. వీళ్లు కంపు కోసం ఉతికారు, పేలు చచ్చాయి. తప్పు లెక్క వేసి సరైన జవాబు రాబట్టారన్నమాట.

అన్నిసార్లూ అలా కలిసిరాలేదు. స్కర్వీ సంగతి చూడండి. చిగుళ్లు ఉబ్బి, పాత గాయాలు మళ్లీ తెరుచుకుని, సముద్రం మీద మనుషులు రాలిపోయేవారు. దీనికీ తడిగాలి, మురికిగాలి కారణమని గట్టిగా నమ్మారు. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టర్ 12 మంది రోగుల్ని ఇద్దరిద్దరుగా విడగొట్టి రకరకాల మందులు ఇచ్చి చూశాడు. నారింజ, నిమ్మ తిన్న ఇద్దరూ తొందరగా కోలుకున్నారు. జవాబు చేతిలోనే ఉంది! అయినా లిండ్‌కే పూర్తి నమ్మకం కుదరలేదు, ఆయన కూడా గాలి, తేమ అంటూనే ఉన్నాడు. బ్రిటిష్ నౌకాదళం నావికులందరికీ నిమ్మరసం ఇవ్వడం మొదలుపెట్టింది 1795లో. మధ్యలో 48 ఏళ్లు. ఆ ఆలస్యానికి గాలి సిద్ధాంతం ఒక్కటే కారణం కాదు, నిమ్మరసాన్ని మరిగించి దాచి దాని సత్తువ పోగొట్టడం కూడా ఉంది. కానీ తిత్తులు ఊపడం మీద, పొగలు వేయడం మీద పెట్టిన శ్రద్ధలో పావు వంతు నిమ్మకాయ మీద పెట్టుంటే ఎంతమంది ఇళ్లకి చేరేవాళ్లో అనిపిస్తుంది నాకు.

పొగలంటే గుర్తొచ్చింది. 1795 ప్రాంతంలో జేమ్స్ కార్‌మైకేల్ స్మిత్ అనే డాక్టర్, యూనియన్ అనే ఆస్పత్రి ఓడలో సురేకారం మీద గంధకికామ్లం పోసి ఘాటైన ఆమ్లపు పొగలు పెట్టించాడు. 1802లో పార్లమెంటు ఆయనకి 5000 పౌండ్లు బహుమతి ఇచ్చింది. ఆమ్లపు పొగ నేను అంతకుముందే కనిపెట్టానని ఫ్రాన్స్‌లో గయ్‌టన్ దె మోర్వో పేచీ పెట్టాడు. అది వేరే ఎపిసోడ్ అంత కథ, వదిలేద్దాం.

ఇప్పుడు మనవాళ్ల దగ్గరికి వద్దాం. కాకినాడ పక్కన కోరంగి తెలుసు కదా? ఇప్పుడు మడ అడవులు చూడ్డానికి వెళ్తున్నాం. ఒకప్పుడు అది తెరచాప ఓడలు కట్టే, మరమ్మతు చేసే పెద్ద రేవు. అక్కడినుంచి, విశాఖపట్నం నుంచి, మద్రాసు నుంచి 19వ శతాబ్దంలో తెలుగువాళ్లు వేలల్లో ఓడలెక్కారు. మారిషస్‌కి, బర్మాకి, 1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కి. బర్మాలో, మారిషస్‌లో తెలుగువాళ్లకి కోరంగీలు అనే పేరే పడిపోయింది. చెరుకు తోటల్లో ఒప్పందం కూలీలుగా వెళ్లినవాళ్లు వారాల తరబడి డెక్కుల మధ్య చీకట్లో ప్రయాణం చేశారు.

ఈ కూలీ ఓడల్లో బానిస ఓడల్లో లేనివి కొన్ని ఉండేవి. ఒక డాక్టర్ ఉండాలి, మనిషికింత చోటు ఉండాలి, రోజూ డెక్ కడగాలి, గాలి దించడానికి తెరచాప గుడ్డతో చేసిన పొడవాటి గొట్టాలు వేలాడదీయాలి అని నిబంధనలు. ఇవన్నీ హేల్స్, కుక్ కాలం నుంచి వచ్చిన అలవాట్లే. ఐనా కలరా ఆగలేదు. 1879లో ఫిజీకి మొదటిసారి మన దేశపు కూలీల్ని తీసుకెళ్లిన లియోనిడాస్ అనే తెరచాప ఓడ కలకత్తాలో బయల్దేరగానే కలరా, మశూచి మొదలయ్యాయి. కలరా వచ్చేది నీళ్లలోంచి. నీటి పీపా కంపు కొట్టకపోవచ్చు, ముక్కుతో దాన్ని పట్టుకోలేం.

మరి రోజూ కడిగిందెవరు? ఓడల్లో మన దేశపు సిబ్బందికి వేరే పేర్లుండేవి. పైవాడు సారంగు, వాడి కింద టిండాలు, వంటవాడు భండారి. అందరికంటే కింద టోపాస్. మరుగుదొడ్లు కడగడం, మురికి ఎత్తడం టోపాస్ పని. ఆ పనికి ఊళ్లో పాకీ పని చేసే కులాలవాళ్లనే తీసుకునేవారు. సముద్రం దాటితే కులం పోతుందని ఒడ్డున భయపడ్డారు. ఓడ ఎక్కాక చూస్తే చీపురు మాత్రం ఊళ్లో ఎవరి చేతిలో ఉందో వాళ్ల చేతిలోనే ఉంది. టోపాస్ అనే మాట దుబాసీ నుంచి వచ్చిందని ఒక వాదన, టోపీ నుంచి వచ్చిందని ఇంకో వాదన. మొదట్లో అది పోర్చుగీసు సంబంధం ఉన్న క్రైస్తవ సిపాయిల పేరు. సిపాయి పేరు చీపురు దాకా ఎలా దిగిందో చూడండి. మొత్తం ఓడ ఆరోగ్యం ఎవరి చేతుల మీద నడిచిందో, కాప్లీ పతకాల జాబితాలో వాళ్ల పేర్లు వెతికితే దొరకవు.

ఇప్పటి తెరచాప పడవల్లో కథ చాలా మారింది. ప్లాస్టిక్, ఫైబర్ పడవలు, చెక్కలా కారవు. కంపు మాత్రం ఉంది, ఎక్కువగా టాయిలెట్ గొట్టాల దగ్గర. ఫ్లష్‌కి తీసుకున్న సముద్రపు నీరు గొట్టంలో రెండు మూడు రోజులు నిలవ ఉంటే అందులోని సూక్ష్మజీవులు చచ్చి, పాత హైడ్రోజన్ సల్ఫైడ్ మళ్లీ తయారవుతుంది. పాతబడ్డ రబ్బరు గొట్టాలైతే కారకపోయినా వాసనని పైకి వదులుతాయి. దాన్ని పట్టుకునే పద్ధతి బలే సింపుల్. శుభ్రమైన గుడ్డని వేడినీళ్లలో ముంచి పిండి, అనుమానం ఉన్న గొట్టానికి కాసేపు చుట్టి ఉంచాలి. తీసి, పడవ బయటికి తెచ్చి గుడ్డ వాసన చూడాలి. గుడ్డ కంపు కొడితే గొట్టం మార్చాల్సిందే. ఇన్ని సెన్సర్లు వచ్చాక కూడా చివరికి ముక్కే.

2017 సెప్టెంబరులో ఐఎన్‌ఎస్‌వి తారిణి అనే తెరచాప పడవలో మన నౌకాదళం అమ్మాయిలు ఆరుగురు గోవా నుంచి బయల్దేరి, ప్రపంచం చుట్టి 2018 మేలో తిరిగొచ్చారు. అందులో స్వాతిది విశాఖపట్నం, ఐశ్వర్యది హైదరాబాద్. పడవ పొడవు దాదాపు 17 మీటర్లు, రెండు బస్సులు కూడా పట్టవు. ప్రయాణం 254 రోజులు. స్కిప్పర్‌తో కలిపి ఆరుగురే. అందులో టోపాస్ అంటూ విడిగా ఎవరూ లేరు.